అమ్మ వేలికి తగిలిన చీర

ఊళ్లో మా బాపు చేమగ్గం మీద నేసిన చివరి చీరను, పాత నేతల కోసం ఊళ్లు తిరుగుతూ వచ్చిన సూరత్ మ్యూజియం వాళ్లు కొనుక్కుపోయారు. అప్పటికి నేను చంటిపిల్లను. తర్వాత మేమూ బతకడానికి సూరతే వచ్చి లింబాయత్ బస్తీలో పడ్డాం. ఇక్కడ బాపు నడిపినవన్నీ మరమగ్గాలు. ఆ బట్టలో ఆయన చెయ్యి లేదు.

బాపు పోయాక అమ్మకు ఒకటే ధ్యాస. "గా చీర ఒక్కపాలి ముట్టి సూస్త బిడ్డా, గంతే."

మ్యూజియంలో బయట అద్దాల్లో పెట్టే చీరలు పదో పన్నెండో. మిగతావన్నీ లోపలి గదిలో పెట్టెల్లో ఉంటాయి. వెలుతురు తగిలితే రంగు పోతుందట. దాచడానికైతే కొనడం దేనికని ఒంటికాలి మీద లేచాను. నాలుగుసార్లు అర్జీ పెట్టుకున్నాక అక్కడి మేడమ్ ఒప్పుకుంది. అమ్మను తీసుకుపోయిన రోజు, చూడొచ్చు కానీ ముట్టుకోవద్దని హిందీలో రెండుసార్లు చెప్పింది.

పెట్టె తెరిచింది. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అంచు వెంబడి చూసుకుంటూ పోయి ఒకచోట ఆగింది. అక్కడొక పోగు లేచి ఉంది. మగ్గం మీద పోగు తెగితే వేలు నోటితో తడుపుకుని నలిపి అతకడం అమ్మకు చిన్ననాటి అలవాటు. నేను చూసేలోపే తడివేలు చీర మీద పెట్టేసింది.

మేడమ్ గబుక్కున అమ్మ చెయ్యి పట్టుకుంది. తడి తగిలితే మరక పడుతుంది, బూజు పడుతుంది అంది. పెట్టె మూసి, మా ఇద్దరికీ ఇక అనుమతి ఉండదని రిజిస్టర్‌లో రాసి నాతో సంతకం పెట్టించింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆటోలో అమ్మ మీద విరుచుకుపడ్డాను. "జర ఆగలేకపోయినవా?"

"పోగు లేసింది బిడ్డా. ఎట్ల ఇడిసిపెట్టి వస్త? మీ బాపు అసొంటి చీర ఎన్నడన్న అమ్మకానికి పంపిండా?"

మేడమ్‌దీ తప్పు కాదు. ఆమె అంత కాపాడబట్టే ఆ చీర నిన్న నేసినట్టుంది.

ఇంటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "ఎట్లుందే?"

"గట్టి నేత. మీ బాపు చెయ్యే."

అమ్మ వేలికైనా తగిలింది. నేనేమో మేడమ్ మాట విని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. తెలివి వచ్చాక బాపు చేత్తో నేసిన బట్ట నా చేతికి ఒక్కసారీ తగల్లేదు. సంతకం పెట్టాను కాబట్టి ఇక తగలదు కూడా.