ఏడు నిమిషాల అబద్ధం

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోని మా ఆఫీసుకు సైకిల్ మీద ఏడు నిమిషాల్లో వస్తానని ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. సిటీ బస్సు డ్రైవరు నాకు దారి వదిలి సలాం కొట్టాడని కూడా ఒక్కోసారి కలిపేవాణ్ని. అందరూ నవ్వేవారు. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన టైపిస్టు మాత్రం నమ్మింది. ఆమె కూడా తార్నాక నుంచి సైకిల్ మీదే వచ్చేది.

నెల తిరక్కముందే ఒకరోజు చాయ్ తాగుతుంటే మెల్లగా అంది. "అన్నా, సైకిల్ అమ్మేస్తున్న. మీకు ఏడు నిమిషాలైతే నాకు ఇరవై పడుతున్నది. నా ఒంట్లనే ఏదో ఉన్నది."

నిజం చెబుదామంటే నోటికి ఆ అలవాటు లేదాయె. "రేపు కలిసి పోదాం తల్లీ" అన్నాను.

మర్నాడు పొద్దున ఆమె ముందు, నేను వెనక. క్యాంపస్‌లో ఎత్తు రోడ్డు రాగానే, రోజూలాగే దిగి సైకిల్ తోసుకుంటూ నడిచాను. ఆమె పైన ఆగి వెనక్కి చూసింది.

"ఏందన్నా, చైన్ ఊడిందా?"

ఊడిందంటే సరిపోయేది.

"లేదమ్మా. రోజూ గీడ దిగుత. నాకు అర్ధగంట పడతది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా? నిన్న సాయంత్రం పోయి రక్తపరీక్ష చేయించుకున్న" అని మోచేతి మడతలో అతికించిన దూది చూపించింది.

నేను తల దించుకున్నాను.

"సైకిలైతే అమ్మనులే" అంటూ పెడల్ మీద కాలు పెట్టింది. "మీరు మెల్లగ రండన్నా."