పానా పట్టని బీములు

ఆర్మూర్‌లో పసుపు కమీషన్ దుకాణాల వెనక వీధిలో, ఒక మేడ మీద రఘునందన్ ఆఫీసు పెట్టాడు. కట్టబోయే ఇనుప షెడ్లను ముందుగా కంప్యూటర్‌లో కట్టి, ఒక్కో బీముకు బొమ్మ గీసి ఫ్యాక్టరీకి పంపడం అక్కడి పని. తలుపు మీద తన పేరు కింద నాలుగు డిగ్రీలు రాయించుకున్నాడు. ఆ మనిషి ఇనుమును ముట్టుకునేది ఆఫీసు షట్టర్ ఎత్తేటప్పుడే. అదీ రోజూ కాదు.

అక్కడే పనిచేసేవాడు సాయన్న. నలభై ఎనిమిదేళ్లవాడు. పదిహేడేళ్లు సౌదీలోని దమ్మామ్‌లో ఫిట్టర్‌గా బీములు బిగించి, మోకాలు అరిగాక తిరిగొచ్చాడు. నిజామాబాద్‌లో ఇరవై ఏళ్ల పిల్లల పక్కన కూర్చుని సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు. అందరూ మౌస్‌తో బీము చివర పట్టి లాగుతుంటే అతను ప్రతి కొలతా టైపు చేసేవాడు. "అందాజతోని లాగుతె ఇనుము ఇంటదా?" అనేవాడు. టై కట్టుకున్న కుర్రాళ్లు నవ్వేవారు. వాళ్లలో ఒక్కడూ బోల్టు బిగించి ఎరగడు.

నిరుడు నందిపేట్ రోడ్డులో ఒక పసుపు గోదాము పని వచ్చింది. మోడల్ చూస్తూ సాయన్న ఆగిపోయాడు. పద్నాలుగు బీములు కాలమ్ అనే నిలువు ఇనుప స్తంభాల రెక్కల మధ్య ఇరుకులోకి దూరుతున్నాయి. బోల్టులు రెక్కలకు ఆనుకున్నట్టే ఉన్నాయి.

"సార్, గీ బోల్టులకు పానా పట్టది" అన్నాడు.

రఘునందన్ కుర్చీలోంచి కదల్లేదు. "తప్పుంటే కంప్యూటర్ ఎర్రగ సూపెడ్తది. ఒక్కటి సూపెట్టలే. నీకెట్ల కనవడ్డది?"

"కంప్యూటర్‌కు చేతులు లెవ్వు సార్. బిగించెటోనికి ఉంటయి."

సాయన్న బీములను కురచ చేసి, కాలమ్ నుంచి ఒక ప్లేటు బయటికి తీసి, బోల్టులను దాని మీదికి మార్చాడు. ఇలా మార్చవచ్చా అని డిజైన్ ఇంజనీరుకు ఇంగ్లీషులో ప్రశ్న రాసిపెట్టమని తోటి ఉద్యోగిని శైలజను అడిగాడు. ఆమె రాసింది. రఘునందన్ పంపలేదు. అడిగితే తనకు తెలియదనుకుంటారట! బీములన్నిటినీ తనే మళ్లీ పాత చోటికి లాగి ఫ్యాక్టరీకి పంపేశాడు.

నెలన్నర తర్వాత గోదాము దగ్గరి నుంచి మేస్త్రీ సాలోమోను ఫోన్ చేశాడు. రఘునందన్ చలువ అద్దాలతో దిగాడు. వెంట సాయన్న, లాప్‌టాప్‌తో శైలజ. మొదటి బీము క్రేన్‌కు వేలాడుతోంది. నట్లు వేళ్లతో ఎక్కాయి గానీ పానా తిరగడం లేదు.

"చిన్న పానా పెట్టుండ్రి" అన్నాడు రఘునందన్.

సాలోమోను ఆయన చేతిలో పానా పెట్టాడు. "మీరే పెట్టుండ్రి సార్. మేం గూడ సూసి నేర్సుకుంటం."

అందరూ చూస్తుండగా నాలుగు డిగ్రీల మనిషి మంచె ఎక్కాడు. రెండుసార్లు తిప్పేసరికి వేళ్ల కణుపుల తోలు లేచింది. పైనుంచే అరిచాడు: "సాయన్నా! గీ మోడల్ నువ్వే కద చేసినవ్?"

సాయన్న మొహం కందిపోయింది. శైలజ లాప్‌టాప్ తెరిచి, బీము మీద నొక్కి సాలోమోనుకు చూపింది. చివరగా మార్చినవారి పేరు అక్కడ ఉంది: రఘునందన్.

"సార్ పేరు మంచిగ రాసుంది" అన్నాడు సాలోమోను గట్టిగా. క్రేన్ డ్రైవర్ కూడా నవ్వాడు.

ఆ సాయంత్రమే శైలజ రాసిన ప్రశ్న డిజైన్ ఇంజనీరుకు వెళ్లింది. సాయన్న చెప్పిన పద్ధతికే మర్నాడు ఆమోదం వచ్చింది. పద్నాలుగు బీములూ కోసి మళ్లీ చేశారు. కొత్త బొమ్మల మీద మాత్రం 'తనిఖీ: రఘునందన్' అని అచ్చయింది. సిగ్గు లేనివాళ్లకు ఇంకు కరువా?

సాయన్న ఆ కాగితం చూసి, అన్నం డబ్బా తీసుకుని మేడ దిగిపోయాడు. ఇప్పుడు పెర్కిట్‌లో తన ఇంట్లోనే హైదరాబాద్ వాళ్ల మోడళ్లు సరిచూస్తున్నాడు. పక్కన భార్య ముత్తవ్వ బీడీలు చుడుతుంటే, తెర మీది బీములను తిడుతుంటాడు.

మొన్న రఘునందన్ ఫోన్ చేశాడు. ఏదో మోడల్‌లో మెట్ల దగ్గర సందేహమట. "ఫోన్ల చెప్తె కాదు సార్, ఇంటికే రాండ్రి" అన్నాడు సాయన్న. ఆయన వచ్చాడు. ముత్తవ్వే లేచి కుర్చీ వేసింది. సాయన్న లేవలేదు.