మైసూరు గెలిచింది ఎవరి పటాలం

విజయనగరం దగ్గర మా ఊళ్ళో ఇప్పటికీ మమ్మల్ని పటాలంవారనే అంటారు. మా ముత్తాత మద్రాసు సైన్యంలో సిపాయి. దొరలు సైన్యాన్ని తిరిగి సర్దినప్పుడు, దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని తేల్చి ఆయన్ని ఇంటికి పంపారు. ఆ పటాలంలో పంజాబీలను నింపి పేరు మార్చారు. మైసూరుతో సహా మావాళ్ళు గెలిచిన యుద్ధాల పేర్లు మాత్రం దాని జెండా మీద అలాగే ఉంచుకున్నారు. ఆ మంట మా ఇంట్లో ఆరలేదు.

ఇక్కడ గల్ఫ్‌లో, అల్ అమెరాత్ నుంచి నిజ్వా సైట్‌కు రోజూ కంపెనీ కారులో వెళ్తాను. నడిపేది మా ఫోర్‌మన్, పాకిస్తాన్ పంజాబీ. ముందు సీటు నాది. ఒకరోజు సైట్‌లో టీ తాగుతూ ఆయన తన తాత పటాలం పేరు చెప్పాడు. అది మాదే, పేరు మారిన తర్వాతది.

"మైసూరు గెలిచింది మా పల్టనే" అన్నాడు హిందీలో.

"అప్పుడు మైసూరులో పంజాబీలెక్కడున్నారు భాయ్? గెలిచింది మావాళ్ళు. మీరు తర్వాతొచ్చి కూర్చున్నారు."

"మీవాళ్ళా? వంట చేసి ఉంటారు."

అందరూ నవ్వారు. కడప నుంచి వచ్చిన మా ఎలక్ట్రీషియన్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. తెలుగువాడై ఉండీ.

మర్నాటి నుంచి వెనక సీట్లో కూర్చున్నాను. కొండ మలుపుల్లో వెనక సీటు నాకు పడదు. మా ఆవిడ వాసన చూడమని నిమ్మకాయ చేతిలో పెట్టి, "ఎప్పుడో పోయిన పటాలం కోసం ఇప్పుడు మీరు వాంతులు చేసుకుంటారేటండీ" అంది. నిమ్మకాయ జేబులో వేసుకుని మళ్ళీ వెనక సీట్లోకే ఎక్కాను.

పోయిన వారం ఫోర్‌మన్ దారిలో టీ కొట్టు దగ్గర ఆపాడు.

"భాయ్ సాబ్, మా నాన్నను ఫోన్‌లో అడిగాను. మైసూరులో ఉన్నది మద్రాసువాళ్ళేనట. మీవాళ్ళు పోరాడలేరని రాసిన ఆ గోరా దొర నీతో ఒక్కసారి ఈ కారెక్కాల్సింది."

నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

"ఇక్కడ కాదు. సైట్‌లో చెప్పు. ఆ ఎలక్ట్రీషియన్ వినాలి."

"చెప్తే ముందుకొస్తావా?"

"ముందు చెప్పు."

ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడని చూస్తుండగానే, నిన్న కంపెనీ మనుషుల్ని అటూ ఇటూ మార్చింది. ఎలక్ట్రీషియన్ బురైమి సైట్‌కు వెళ్ళిపోయాడు. ఈ పొద్దున్నే కారులో అతనికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, వెనక నుంచి ఫోర్‌మన్ నోటి దగ్గర పట్టుకున్నాను.