నేను వదిలేసిన గిన్నె

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, జాలరిపేటలో చేపలు బేరమాడేటప్పుడు తప్ప నా గొంతు పైకి లేవదు, అయినా దేవుడు నాకు చేసినది చెప్పకుండా కూర్చోలేక నిలబడ్డాను.

మా ఆయన పోర్టులో కలాసీ. ఒంటినిండా ఇనుప ఖనిజం ఎర్ర దుమ్ముతో ఇంటికొచ్చేవారు, ఆ దుమ్మే నా గొంతులో పడిందనుకుని మిరియాల కషాయం తాగుతూ రోజులు గడిపాను. ఒకనాడు దగ్గితే కొంగుకు నెత్తురు అంటింది. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు క్షయ అన్నారు.

ఆ రోజే మా అత్తగారు నా కంచం, నా గ్లాసు వేరు చేసేసింది. ఆవిడ ప్రేమగల మనిషని నేను పొగిడితే ముందు ఆవిడే నవ్వుతుంది, ఇదిగో, రెండో వరుసలో కూర్చుని నన్నే చూస్తోంది! కానీ న్యాయం చెప్పాలి, మా మామగారు పోయింది ఆ రోగంతోనే, ఆవిడ చేతుల్లోనే. నా సొట్ట గ్లాసు పెరటి గూట్లోకి వెళ్లింది.

సూదులు పొడిపించుకుంటూ, మాత్రలు మింగుతూ, ప్రార్థిస్తూ, దేవుని కృపవల్ల బాగుపడ్డాను! ఇక నీవల్ల ఎవరికీ అంటదని డాక్టరుగారు చెప్పారు. గ్లాసు మాత్రం గూట్లోనే ఉంది.

మన సంఘంలో బల్ల ఆదివారం ప్రభువు రొట్టె పంచాక, ద్రాక్షరసం తాగడానికి అందరికీ ఒకటే గిన్నె కదా. బాగయ్యాక మొదటిసారి వెళ్లి మోకరిస్తే, నా పక్కనున్నావిడ లేచి అవతలి కొసకు పోయింది. అప్పటినుంచి నేను అందరికంటే ఆఖర్న మోకరించి, రొట్టె మాత్రం తీసుకుని, గిన్నె వస్తే తల అడ్డంగా ఊపేదాన్ని. పాస్టరుగారు బలవంతం చేయలేదు. నెత్తురు కక్కినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు! "తండ్రీ, రోగం తీసేసినావు, మరి నన్ను మనుసుల్లో ఎప్పుడు కలుపుతావు?" అని పొయ్యి ముందు కూర్చుని అడిగేదాన్ని.

స్టీలు ప్లాంటు పనులకని జనం కూర్మన్నపాలెం వైపు మళ్లుతున్న రోజులవి. ఒక బల్ల ఆదివారం, ఎప్పుడూ అందరికంటే ముందు మోకరించే మా అత్తగారు కదలకుండా కూర్చుంది. అందరూ అయ్యాక మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నడిచొచ్చి, నా పక్కనే, నా తర్వాత గిన్నె అందే చోట మోకరించింది.

"ముందు నువ్వు తాగు, నీ ఎనకాల నాను తాగతాను" అంది. గుసగుసలాడాననుకుంది గానీ చర్చి అంతా వినపడింది.

"వద్దత్తా" అన్నాను.

"ప్రభువు ఒకే గిన్నె ఇచ్చినాడు, నాను ఇంట్లో రెండు సేసినాను. తాగవే."

తాగాను. పాస్టరుగారు గుడ్డతో అంచు తుడవబోతే, తుడవక్కర్లేదని చెప్పి ఆవిడ గిన్నె అందుకుని తాగింది.

బల్ల అంటే ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకోవడమని చిన్నప్పటినుంచి అప్పజెప్పినదాన్నే. ఆయనతో కలవడమంటే ఆయన పిల్లలతో కలవడం కూడా అని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటికొచ్చాక ఆవిడ గూట్లోంచి ఆ గ్లాసు తీసింది. పారేస్తుందనుకున్నాను. కడిగి, అందులో టీ పోసుకుని తాగింది, ఇప్పటికీ అందులోనే తాగుతోంది.

దేవునికే మహిమ! ఏ భయంతోనో, ఏ సిగ్గుతోనో వెనక బెంచీలో ఉండిపోయి బల్ల దాటేస్తున్నవాళ్లు మీలో ఉంటే, ఆయన్ని నమ్మి ఈ ఆదివారం రండి. నా పక్కన మోకరించండి. మీ తర్వాత నేను తాగుతాను.