ఆల్ప్స్‌కి ఏటి సూతకం

యూరప్ వెళ్దామని అనుకున్న రోజునుంచి వెళ్లడం లేదని తేలిన రోజువరకు నేను చేసిన పనల్లా పళ్లు నూరుకోవడమే.

వేసవి వచ్చిందంటే మాకు ఇండియా ప్రయాణం తప్ప ఇంకో ఆలోచన ఉండేది కాదు. ఎవరిదో ఒకరిది పెళ్లి, గృహప్రవేశం, ఒడుగు. ఉన్న సెలవులన్నీ ఆ పందిళ్ల కిందే అయిపోయేవి. ఈ ఏడు మాత్రం అటువైపు నుంచి ఒక్క శుభలేఖ కూడా రాలేదు. అది గమనించి, ఎవరి కూతురికో సంబంధం కుదిరేలోపు నేనే తొందరపడి, “ఈసారి ఆల్ప్స్‌కి వెళ్దామండీ” అన్నాను. మా ఆయన ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే సరే అన్నారు.

పెళ్లికి ముందు తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఎనిమిదో తరగతికి యూరప్ పటం వేసే రోజంటే నాకు పండగ. తెల్ల చాక్‌పీస్‌తో ఆల్ప్స్, నీలం చాక్‌పీస్‌తో నదులు. చుట్టూ చూస్తే కనుచూపు మేర వరిచేలు, బల్లపరుపు నేల. మంచు కరిగి నది అవుతుందని గొంతు చించుకుని చెబుతుంటే ఒక పిల్ల లేచి, “మీరు చూశారా టీచర్?” అని అడిగింది. ఇంకా లేదన్నాను. ఆ ఇంకా అన్న మాట ఇన్నేళ్లూ నాతోనే ఉంది. పెళ్లయి అమెరికా వచ్చాక డిపెండెంట్ వీసా మీద పాఠాలు చెప్పే వీలు లేకపోయింది. రెడ్‌మండ్ చుట్టూ మంచుకొండలకు లోటేం లేదు, ఆకాశం తేటపడితే ఇంటి కిటికీలోంచే కనబడతాయి. కానీ అవి నేను పాఠం చెప్పినవి కావు.

నా ప్లాన్ చాలా సాదా. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో దిగాలి. కేబుల్ కార్‌లో పైకెళ్లి మంచు చూసి, కింద పారే ఇన్ నది పక్కన రైల్లో కూర్చోవాలి. పాసావ్ దగ్గర ఆ నది డాన్యూబ్‌లో కలుస్తుంది. అక్కణ్నుంచి వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్. మంచునీళ్లతో పాటు మనమూ కిందికి దిగిపోవడం, అంతే. ఒక చార్టు మీద అట్లాగే పటం గీసి ఫ్రిజ్‌కి అంటించాను. మా పాప చూసి, “అమ్మా, నువ్వు బాగా డ్రా చేస్తావు కదా” అని ఆశ్చర్యపోయింది.

మనవాళ్లు యూరప్‌కి ఒంటరిగా వెళ్లరు. “ఇంకో ఫ్యామిలీ ఉంటే బావుంటుంది” అన్నారు మా ఆయన. ఆ ఇంకో ఫ్యామిలీ రెండు వీధుల అవతలే ఉంది. ఆయనా మా ఆయనా ఒకే కంపెనీ, టీమ్‌లు వేరు. ఆవిడ నాకు వదిన వరస, అంటే మేమే కలుపుకున్న వరస. ఆ అన్నయ్యగారు సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూప్ పెట్టేశారు. మర్నాటినుంచి పోల్స్. రైలా, కారా? హోటలా, వంటగది ఉన్న అపార్ట్‌మెంటా? రైస్ కుక్కర్ ఎవరు తెస్తారు? ఆవకాయ చెక్‌-ఇన్‌లోనా, క్యాబిన్‌లోనా? మంచు ఎక్కడ చూడాలన్న దానిమీద మాత్రం ఒక్క పోల్ కూడా రాలేదు.

తరవాత వీసా అపాయింట్‌మెంట్ స్లాట్ల వేట మొదలైంది. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశం దగ్గరే, యూరప్ అంతా తిరగడానికి పనికొచ్చే షెంగెన్ వీసా తీసుకోవాలట. ఆస్ట్రియాకి స్లాట్ దొరకలేదు. పొద్దున కాఫీకి ముందు రిఫ్రెష్, అన్నం పెట్టుకుంటూ రిఫ్రెష్, పాపను స్కూల్‌లో దింపి పార్కింగ్‌లోనే రిఫ్రెష్. ఒకరోజు అన్నయ్యగారు గ్రూప్‌లో కేక పెట్టారు. “చెక్ రిపబ్లిక్ స్లాట్ దొరికింది! అందరికీ బుక్ చేసేశా!”

దొరికిన స్లాట్‌కి తగ్గట్టు దేశం మారిపోయింది. ఎక్కువ రోజులు ప్రాగ్‌లో ఉండాలి కాబట్టి ఇన్స్‌బ్రుక్ ఎగిరిపోయింది. పాసావ్ ఎగిరిపోయింది. పెళ్లికొడుకు దొరికాడు కదా అని పెళ్లికూతుర్ని మార్చినట్టుంది ఈ వ్యవహారం. నేను ఫోన్ చేసి గట్టిగానే అన్నాను. “అన్నయ్యగారూ, ఆల్ప్స్ లేకపోతే నేను రాను.”

“అయ్యో, అట్లా అంటే ఎట్లాగమ్మా! ఒక డే ట్రిప్ పెడతాను. వియన్నా నుంచి సాల్జ్‌బర్గ్ దాకా ట్రైన్, అక్కడ కేబుల్ కార్ ఎక్కి దిగిపోదాం. చూసినట్టే కదా!”

ఒక్కరోజు. నది లేదు, దిగడం లేదు. ఒక డబ్బాలో పైకెళ్లి అదే డబ్బాలో కిందికి. ఏడుపొచ్చింది, అయినా ఆ ఒక్కరోజునే రెండు చేతులా పట్టుకున్నాను. ఫ్రిజ్ మీది పటం తీసేసి ఇంకోటి గీశాను.

ఆ వారంలోనే మా ఆయన టీ తాగుతూ అన్నారు. “ఆ కేబుల్ కార్ మనకు కుదరదేమో. పెదనాన్న పోయి ఏడాది తిరగలేదు కదా. ఏటి సూతకం. కొండ ఎక్కకూడదు.”

ఆయన పెదనాన్నగారు పోయిన కార్తీకంలో పోయారు. నిజమే. ఇంటి గోత్రంలో మనిషి పోతే ఏడాదిదాకా తిరుపతి కొండ ఎక్కరు, అదీ నాకు తెలుసు. కానీ ఆల్ప్స్‌కి ఏటి సూతకం పట్టడం మాత్రం నేను ఎక్కడా వినలేదు.

“ఎవరు చెప్పారండీ మీకు?”

“బాబాయి.”

“మన ఇల్లే కొండమీద ఉంది. పాలప్యాకెట్ తేవాలన్నా కారు సెకండ్ గేర్‌లో మూలుగుతూ ఎక్కుతుంది. మరి దానికేం చేద్దాం?”

“ఇది ఇల్లు.”

“క్రిస్మస్ సెలవులకి పాపను మంచులో ట్యూబింగ్‌కి తీసుకెళ్లారు. అంతెత్తు ఎక్కాం కదా!”

“అది పాస్. కొండల మధ్యనుంచి పోయే హైవే.”

పక్కన హోంవర్క్ చేసుకుంటున్న పాప తలెత్తింది. “నాన్నా, ఆల్ప్స్ ఇస్ నాట్ కొండ. అది మౌంటెన్ రేంజ్.”

“నువ్వు హోంవర్క్ చేసుకో” అన్నారు ఆయన. అంత విసురుగా పాపతో ఎప్పుడూ మాట్లాడరు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. అత్తింటి ఆచారాలమీద నాకున్న పాత కోపమంతా పైకొచ్చి కళ్లకడ్డం పడింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. వంట మాత్రం చేశాను, ఉప్పు తక్కువేసి.

చివరికి గుంటూరులో ఉన్న ఆ బాబాయిగారికే వీడియో కాల్ చేశాను. ఆయన్ని నేను చిన్నమామయ్యగారూ అంటాను.

“ఏటి సూతకానికి ఆల్ప్సేంటమ్మాయ్? కొండంటే దేవుడి కొండ. తిరుపతి, శ్రీశైలం. వట్టి కొండలకేం పట్టింపు? అన్నయ్య పోయాక మనసు బాగోక మొన్న నేనూ మీ అత్తయ్యా ఊటీ వెళ్లొచ్చాం. ఇదిగో ఈ స్వెట్టర్ అక్కడిదే.”

“మరి మీరే వద్దన్నారని ఈయన చెప్పారు మామయ్యగారూ.”

“నేనా? వాడు నాకు ఫోన్ చేసి ఎన్నాళ్లయిందో!”

వంటింట్లోకి వెళ్లేసరికి మా ఆయన సింక్ దగ్గర కొత్తిమీర కడుగుతున్నారు. “మీ బాబాయిగారు ఊటీ వెళ్లొచ్చారట” అన్నాను. ఆయన కొళాయి కట్టేసి చేతులు తుడుచుకున్నారు, కానీ నావైపు తిరగలేదు.

“మా మేనేజర్ నాతో మాట్లాడాల్సిన వన్ ఆన్ వన్‌లు క్యాన్సిల్ చేస్తున్నాడు” అన్నారు. “వరసగా. పోయినసారి లేఆఫ్‌లకి ముందూ ఇట్లాగే జరిగింది. మనం ప్రాగ్‌లో ఉండగా మెయిల్ వస్తే? ఇక్కడ ఉంటే రెండు నెలల గ్రేస్ పీరియడ్ అన్నా ఉంటుంది, ఇంకోటి వెతుక్కోవచ్చు. బయటుంటే హెచ్‌వన్ వీసా పోయినట్టే. తిరిగి రానివ్వరు. అట్నుంచి అటే హైదరాబాద్ వెళ్లాలి. ఈ ఇల్లు, కారు, పాప స్కూలు, అన్నీ ఇక్కడ వదిలేసి.”

నాకు వెంటనే జాలి రాలేదు. ముందు ఒళ్లు మండింది. “దానికి పోయిన పెద్దాయన్ని అడ్డం పెట్టుకుంటారా?”

“ఆ గ్రూప్ పెట్టినవాడితో ఏం చెప్పమంటావు మరి? నా ఉద్యోగం ఊగుతోందని చెప్పనా? మర్నాటికి ఆఫీసంతా పాకుతుంది.”

“నాకైనా చెప్పొచ్చుగా!”

“ఆ పటం రెండోసారి కూడా గీశావు. ఎట్లా చెప్పను?”

ఆ మాటకి కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అయినా ఊరుకోలేక, “పోనీ మీరుండండి, నేనూ పాపా వాళ్లతో వెళ్లొస్తాం” అన్నాను.

“మీ హెచ్‌ఫోర్ వీసాలు నా హెచ్‌వన్ మీదే కదా” అన్నారు నెమ్మదిగా. “నాది పోతే మీరూ రాలేరు.”

తెలియని సంగతి కాదు. కానీ ఇంటి గుమ్మం దాటి ఎంత దూరం వెళ్లొచ్చో కూడా ఆయన మేనేజర్ క్యాలెండర్ చెప్పాలన్నది అంత సూటిగా ఎప్పుడూ తగల్లేదు. ఎవరిని తిట్టాలి? ఈయన్నా, ఆ మేనేజర్నా, స్లాట్ దొరికిందని కేక పెట్టిన అన్నయ్యగార్నా? కొత్తిమీర తీసుకుని తరగడం మొదలుపెట్టాను. అవసరానికి మించి తరిగాను. అప్పటికి ఆయన ముఖం చూడగలిగాను. ఈమధ్య బాగా చిక్కిపోయారు. ఉప్పు లేని కూర వంక పెట్టకుండా తిన్నారన్నది కూడా అప్పుడే తట్టింది.

“రావటంలేదని నేనే చెబుతాను లెండి” అన్నాను.

వాట్సాప్‌లో రాస్తే బాగోదని వదినకు ఫోన్ చేశాను. మాకు ఏటి సూతకమనీ, ముందు చూసుకోలేదనీ, మా చిన్నమామయ్యగారు గట్టిగా కూడదన్నారనీ చెప్పాను. నా గొంతు నాకే మా అత్తగారి గొంతులా వినిపించింది. ఆవిడ నొచ్చుకుంటుందనుకున్నాను. బుక్ చేసినవన్నీ క్యాన్సిల్ చేసుకోవాలి కదా. అవతల తలుపు మూసిన చప్పుడైంది.

“వదినా,” అంది గొంతు తగ్గించి. “నేనే నిన్నొకటి అడుగుదామనుకుంటున్నా. ఈయన మేనత్తగారు సంక్రాంతి ముందు పోయారు. ఇన్నాళ్లూ ఆ ఊసే లేదు. మూణ్నాలుగు రోజుల్నుంచి ఈయనకు అదే ధ్యాస. రాత్రిళ్లు నిద్ర కూడా పోవటంలేదు. మేనత్తకు కూడా ఏడాది పట్టింపు ఉంటుందా?”

మేనత్త పెళ్లయి వెళ్లిపోయిన మనిషి. ఆవిడది వేరే ఇంటిపేరు, వేరే గోత్రం. ఆవిడ పోతే మేనల్లుడికి ఏటి సూతకం ఉండదు. ఈ సంగతి ఎవరినడిగినా చెబుతారు. ఆయనదీ మా ఆయన కంపెనీయే, ఆయనదీ హెచ్‌వన్నే. ఉండదని నేనంటే వాళ్లంతా విమానం ఎక్కాల్సిందే, ఆయన గుండెల్లో రాయి పెట్టుకుని. ఆ పోల్స్, ఆ కేకలు, రైస్ కుక్కర్ గోల, అంత హడావిడి చేసిన మనిషి.

“ఉంటుంది వదినా,” అన్నాను. “ఏడాదంతా ఉంటుంది. కొండలైతే అసలు కూడదు.”