రెండు రేడియోలు, రెండు లేసుదారాలు

నా చిన్నప్పుడు నరసాపురంలో మా వీధి మొత్తానికి రెండే రేడియోలు. మా ఇంట్లో ఒక కంపెనీ వాళ్ల చెక్కపెట్టె రేడియో, పక్కింటి అక్క వాళ్లింట్లో దాని పోటీ కంపెనీ వాళ్ల చిన్న ట్రాన్సిస్టర్. మాదే గట్టిదని నేను, కాదు మాదేనని అక్క రోజూ వాదులాడుకునేవాళ్లం. మా రేడియోని ఒక మాట అంటే మా నాన్నని అన్నట్టే ఉడుక్కునేదాన్ని.

మా గోల పడలేక తాతయ్య ఒక ఉపాయం చేశాడు. అమ్మ లేసు అల్లే దారం రెండు ముక్కలు తుంచి, రేడియోకి ఒకటి చొప్పున కట్టాడు. రేడియో మొరాయించినప్పుడల్లా దాని దారానికి ఒక ముడి వేయాలి. ఎవరి రేడియోకి వాళ్లే వేసుకోవాలి. వానాకాలం వెళ్లేసరికి ఏది నమ్మదగిందో తేలిపోతుందన్నాడు.

అక్క తన దారానికి ఒక ముడి వేసింది. మా రేడియో మాత్రం మూడుసార్లు గురగురమని మూగబోయింది. మూడూ మధ్యాహ్నాలే, అమ్మ అల్లిన లేసు షావుకారుకి ఇచ్చి రావడానికి వెళ్లి, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు. నేను దాని నెత్తిన నాలుగు దెబ్బలు వేసి పలికించి, ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాను. ముడి లేని దారాన్ని వీధిలో అందరికీ చూపించి మురిసిపోయాను కూడా.

వానలు వెనకబట్టాయనుకుంటుండగా ఒక రోజు మళ్లీ మబ్బేసింది. నాన్న మర్నాడు తెల్లవారుజామున సముద్రం మీదికి వేటకి వెళ్లాలి. అక్క వాళ్లు రాజమండ్రి ప్రయాణమయ్యారు.

"తాతయ్యగారూ, వాతావరణం వార్తలకి మా ట్రాన్సిస్టర్ ఉంచమంటారా అండీ?" అంది అక్క.

తాతయ్య మా దారం తడిమి చూశాడు. "అక్కర్లేదమ్మా. మాది ఒక్కసారి కూడా ఆగలేదు."

వాళ్ల రిక్షా వీధి మలుపు తిరిగాక గానీ నాకు నోరు పెగల్లేదు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. తాతయ్య కేకలేయలేదు. "పరిగెత్తు" అన్నాడంతే. స్టేషన్‌లో రైలు కదలబోతుండగా అక్కని పట్టుకున్నాను. నా మొహం చూసి, ఏంటని కూడా అడగకుండా ట్రాన్సిస్టర్ నా చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం మా రేడియో గురగురమని ఆగిపోయింది. అక్క రేడియో తుపాను వస్తోందని, ఎవరూ వేటకి వెళ్లొద్దని చెప్పింది. నాన్న పడవని కాలవలోకి తెచ్చి కట్టేశాడు. అప్పుడు తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వేయని ముడులన్నీ నా చేతే వేయించాడు. ఆ పూటది కూడా కలిపి నాలుగు.

ఇప్పుడు నా దగ్గర రెండు పోటీ కంపెనీల ఫోన్లున్నాయి, రెండూ ఏళ్ల తరబడి వాడుతున్నవే. ఏది మంచిదని మనవరాలు అడిగితే, వాటి కవర్లకి కట్టిన లేసుదారాలు చూసుకోమంటాను. వాటిలో ఒకటంటే నాకు కాస్త ఎక్కువ ఇష్టం.

నిన్న మధ్యాహ్నం అది ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. కళ్లజోడు వెతుక్కుని, దాని దారానికి ముడి వేశాను.