కత్తెర కంటే ముందు

ఇవాళ పొద్దున జాకెట్టు కొలతలు గీసుకుని పాత పేపరు కత్తిరించబోతుంటే, ఆ పేపరు రెపరెపలకు సరోజక్క గుర్తొచ్చింది. కత్తెర పక్కన పెట్టి ఆ పేజీ మొత్తం చదివాను. జాకెట్టు ఓ అరగంట ఆలస్యమైతే కొంపలేమీ మునిగిపోవు.

చిత్తూరులో మా పక్కింటి వరండాలో ఉండేది ఆమె కుట్టుమిషను. ఎనభైల మొదట్లో మా వీధిలో ఎం.ఏ. చదివిన ఆడమనిషి ఆమె ఒక్కతే. భర్త పోయాక ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా మిషను కొనుక్కుంది. నేర్చుకోవడానికి వచ్చిన మాకు మొదట గుడ్డ ఇచ్చేది కాదు, పాత పేపర్ల మీదే కత్తిరించాలి. అయితే కత్తెర పెట్టే ముందు ఆ పేజీ పైకి చదివి వినిపించాలి. బడి మానేసిన పిల్లలు కూడబలుక్కుంటూ చదువుతుంటే మిషను ఆపి మరీ వినేది.

"రోంత గట్టిగా సదువు పాపా. చంక కోసం ఏ దేశాన్ని కత్తిరిస్తా ఉండామో తెలియాల గదా!" అనేది.

ఆ పేపర్లలో కోటల సంగతులు, శాసనాల సంగతులు చదివి చదివి నాకు చరిత్ర పిచ్చి పట్టింది. సగం వ్యాసాల చివరి భాగం ఎవరి జాకెట్టులో పోయిందో ఇప్పటికీ తెలియదు.

డిగ్రీ అయ్యాక తిరుపతిలో ఎం.ఏ. చరిత్రకు సీటు వచ్చింది. బెల్లం మండీలో పనిచేసే మా నాయన ససేమిరా అన్నాడు. అందుకు ఆయన చూపించిన ఉదాహరణ సరోజక్కే. ఆ మాట చెవిన పడి, మెడలో టేపుతోనే మా ఇంటికి వచ్చిందామె. నాకు సీటు పోతుందని ఒక భయం, ఆమె నొచ్చుకుంటుందని ఇంకో భయం.

"నువ్వే చెప్పు సరోజా, అంత సదివి ఏం సాధించినావు? ఈడ జాకెట్లే గదా కుడతా ఉండావు?" అన్నాడు నాయన.

"అవునన్నా, జాకెట్లే. నాకు కూడు పెడతా ఉండేది మిషనే. అందుకే నీ కూతురికి ముందు మిషను నేర్పినా. యాడికి పోయినా బతుకుతాది. కూడు సంగతి మిషను చూసుకుంటాది గదా, సదువు నెత్తిన కూడా ఆ బరువెందుకు పెడతావు? దాని పని దాన్ని చేసుకోనీ."

"ఏందమ్మా దాని పని?"

"పొద్దస్తమానం నా కాళ్లు మిషను మీదనే ఉంటాయన్నా. సదువు పుణ్యాన నేను మాత్రం ఈడనే ఉండిపోలేదు."

నాయన ఆ పూట ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు ఒకరోజు అన్నం తింటూ, "హాస్టల్లో మిషను పెట్టుకోనిస్తారా?" అని అడిగాడు. నాకు ఏడుపు ఆగలేదు. తిరుపతి బస్సులో, నా కోసం కొన్న చేతి మిషనును ఆయనే ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

ఇప్పుడు తిరుపతిలో నాకు సొంత టైలరింగ్ షాపు ఉంది. "ఎం.ఏ. చదివి ఇదా?" అని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. వాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. సెలవు దొరికితే చంద్రగిరి బస్సెక్కి, అక్కడి కోటలో ప్రతి రాయి దగ్గరా ఆగి మరీ చూసుకుంటాను. తిరిగొచ్చి నింపాదిగా కాజాలు కుడతాను. నాకు రెండూ కావాలి, రెండూ దక్కాయి.

సరోజక్క పోయి చాలా కాలమైంది. నా కాళ్లూ మిషను మీదనే ఉన్నాయి. నేనూ ఈడనే ఉండిపోలేదక్కా.